పదమూడో క్రేనుకి లైన్ లేదు

"లైన్ లేకపోవడమేంటి? మరి మా నాన్న పొద్దున్న ఐదింటి నుంచి నిలబడింది దేంట్లో?"

సుజన హిందీలో అరిచిన అరుపుకి జాహాజ్‌ఘాటా పార్కు గేటు మీది పావురాలు లేచిపోయాయి.

ఎదురుగా నీలం టై కట్టుకున్న కుర్రాడు మాత్రం కదల్లేదు. మెడలో బ్యాడ్జీ, చేతిలో ట్యాబ్, ముఖాన అతికించినట్టున్న నవ్వు.

"మేడమ్, ఈ రైడ్‌కి మామూలు లైన్ ఉండదు. వర్చువల్ క్యూ. సరిగ్గా ఏడింటికి యాప్‌లో బటన్ వస్తుంది. నొక్కితే గ్రూప్ నంబర్ ఇస్తుంది. నంబర్ పిలిచినప్పుడు రావాలి. ఇవాళ్టి నంబర్లు ఏడు దాటిన ఒక్క నిమిషానికే అయిపోయాయి."

"అంటే ఇంట్లో దుప్పటి కప్పుకుని బటన్ నొక్కినవాడు ముందు. మంచులో రెండు గంటలు నిలబడిన మనిషి వెనక."

"వెనక కూడా కాదు మేడమ్. అసలు క్యూలోనే లేరు."

సుజనకి ఒళ్ళు మండిపోయింది. తండ్రి వైపు తిరిగి తెలుగులోకి దిగింది. "పద నాన్నా. ఈ టై కట్టిన తోటకూర కాడతో నాకేటి మాటలు?"

"తోటకూర కాడ అంటే నన్నేనా మేడమ్?" అన్నాడా కుర్రాడు, అచ్చ తెలుగులో. "మాది కరీంనగర్. పేరు యోగేశ్. తిట్టుండ్రి, కానీ జర మెల్లగ. మా సార్లు చూస్తున్నరు."

సుజన ముఖం ఎర్రబడింది. కానీ అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు.

"వినబడితే మరీ మంచిది. ఆ క్రేను ఎవరిదో తెలుసేటి మీకు?"

గేటు లోపల, గంగ ఒడ్డున, ఎరుపూ పసుపూ రంగుల్లో నిగనిగలాడుతోంది రైడ్. దాని పేరే 'పదమూడో నంబరు'. పాత డాక్ క్రేను. దాని కొక్కేనికి పన్నెండు కుర్చీల చక్రం వేలాడదీశారు. వంద అడుగులు పైకి లేపి, నది మీదికి తిప్పి, ఒక్కసారిగా కిందికి జారవిడుస్తుంది. నెల రోజులుగా కలకత్తా అంతా దానికోసం వెర్రెత్తి ఉంది.

సుజన తండ్రి కూర్మయ్య ఆ క్రేనుని ఇరవై ఆరేళ్ళు నడిపాడు. పద్దెనిమిదో ఏట శ్రీకాకుళం నుంచి వచ్చి, డాక్‌లో మూటలు మోసి, అంచెలంచెలుగా దాని కేబిన్‌లోకి ఎక్కాడు. ఐదేళ్ళ క్రితం ఆ క్రేనున్న జెట్టీ మూతపడింది. మిగతా క్రేన్లన్నీ తుక్కుకి పోయాయి. పదమూడు ఒక్కటీ బతికి ఇలా రంగేసుకుంది.

"దాని మీదకి ఇంకొక్కసారి ఎక్కాలి బాబూ," అన్నాడు కూర్మయ్య మొదటిసారి నోరు విప్పి. ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. జేబులో 13 అని కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంది. "అంతే. నాకింకేటీ అక్కర్లేదు."

యోగేశ్ నవ్వు కాస్త సడలింది. "మీ వయసెంత పెద్దాయనా?"

"ఇరవై ఆరో తారీకు బుధవారానికి అరవై నిండతాయి."

యోగేశ్ గేటు మీది బోర్డు వైపు చూశాడు. సుజన కూడా చూసింది. అరవై నిండినవారికి ప్రవేశం లేదు. రైడ్ నడిచేది ఆదివారాలు మాత్రమే.

ఇవాళ తొమ్మిదో తారీకు, ఆదివారం. ఇంక రెండే ఆదివారాలు.

* * *

సుజన ఏక్‌బాల్‌పూర్‌లో ఒక నర్సింగ్ హోమ్ రిసెప్షన్‌లో పనిచేస్తుంది. బుధవారం ఉదయం తల వంచుకుని టోకెన్లు రాస్తుంటే కౌంటర్ మీద నీలం టై కొస వాలింది.

"నమస్తే మేడమ్. కాలు బెణికింది. నిన్న రైడ్ మెట్ల మీద జారిన. ఫోన్‌ల అపాయింట్‌మెంట్ తీసుకున్న."

సుజన తలెత్తింది. దేవుడున్నాడనుకుంది.

"ఫోన్‌లోనా? అయ్యో, మా దగ్గర అలాంటివి నడవవండి. ఎవరు ముందు నిలబడితే వాళ్ళే ముందు." టోకెన్ చింపి ఇచ్చింది. "ముప్పై ఎనిమిది. అదిగో బెంచీ."

"ఇప్పుడు ఎంత నడుస్తున్నది?"

"నాలుగు."

యోగేశ్ టోకెన్ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. కుంటుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్క మాట ఎదురనలేదు. అదే సుజనకి మరీ మంట పెట్టింది. పోట్లాడితే ఎంత బాగుండేది!

రెండు గంటలు గడిచాక తనే లేచి వెళ్ళింది, చేతిలో మట్టి భాఁడ్ నిండా టీతో.

"తాగండి. కోపం రాలేదేటి?"

"వచ్చింది. మస్తు వచ్చింది." టీ అందుకున్నాడు. "కానీ ఇక్కడ కూసుంటే మీ నాయన యాదికొచ్చిండు. ఆయన నిలబడే ఉండె. నాకు బెంచీ అన్న ఉన్నది."

సుజన బెంచీ కొసన కూర్చుంది.

"వినుండ్రి," అన్నాడతను. "రూల్ నేను మార్చలేను. నిఖార్సుగ నంబర్ తెచ్చుకునే పద్ధతి చెప్త. ఆరు యాభై ఎనిమిదికే యాప్ తెరిచి పెట్టుకోండ్రి. పార్కు దగ్గర వద్దు, అక్కడ వేలమంది ఒక్కటే టవర్ మీద పడ్తరు. మీ ఫోన్, మీ నాయన ఫోన్, రెండిట్ల ప్రయత్నించుండ్రి."

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదేటి!"

"తోటకూర కాడలు మాట్లాడవు గద మేడమ్."

సుజనకి నవ్వొచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"మేడమ్ కాదు, సుజన. మీ నంబర్ పిలుస్తున్నారు, వెళ్ళండి."

"ఇంక పదిహేడే అయింది!"

"పిలుస్తున్నారన్నాను కదా."

* * *

రెండో ఆదివారం ఫోన్ తెర మీద 'పెండింగ్' అన్న మాట నలభై సెకన్లు గింగిరాలు తిరిగి, 'క్షమించండి' అయింది. సుజన ఫోన్‌ని మంచం మీదకి విసిరికొట్టింది. నర్సింగ్ హోమ్ రిజిస్టర్‌లో నంబరు చూసి, ఆ వారమంతా యోగేశ్‌కి మెసేజీలు పెట్టింది. మొదట తిట్లు. తర్వాత ప్రశ్నలు. శుక్రవారానికల్లా మధ్యాహ్నం ఏం తిన్నాడో కూడా అడిగేసింది.

మూడో ఆదివారం కూర్మయ్య ఫోన్‌లో పచ్చ వెలుగు వచ్చింది. గ్రూప్ తొమ్మిది!

సుజన ఫోన్‌లో ఏమీ రాలేదు. ఫర్వాలేదు, ఎక్కాల్సింది ఆయనే. తల్లి నారాయణమ్మ చొక్కాకి మళ్ళీ ఇస్త్రీ చేసింది.

పదింటికి గ్రూప్ తొమ్మిదిని పిలిచారు. మొదటి గేటు దగ్గర కూర్మయ్య ఫోన్ చూపించాడు. 'కీక్' అంది యంత్రం. కడ్డీ బయటే ఆగిపోయిన సుజన చేయూపింది. ఆయన గుండెలు విరుచుకుని లోపలికి నడిచాడు.

పది నిమిషాల తర్వాత చక్రం పైకి లేచింది. పదకొండు కుర్చీల్లో మనుషులు. పన్నెండోది ఖాళీ.

సుజన కడ్డీ కింద నుంచి దూరి పరుగెత్తింది. మెట్ల దగ్గర కూర్మయ్య ఒట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. పక్కన రైడ్ కుర్రాడు బెంగాలీలో మొత్తుకుంటున్నాడు. "దాదూ, ఫోన్! ఇక్కడ రెండోసారి స్కాన్ చేయాలి దాదూ!"

"ఫోనేది నాన్నా?"

"అప్పజెప్పేసినానమ్మా."

"ఎవరికి?"

"గేటు కాడ బల్ల మీద ట్రే ఉంది కదా, అందులో ఎట్టీసినాను."

సుజన తల పట్టుకుంది. ముప్పై ఏడేళ్ళు డాక్ గేటులో ఆయన అదే చేశాడు. పేరు పిలిచాక ఇత్తడి బిళ్ళ టైమ్ ఆఫీసులో అప్పగించాలి, పని దిగాక తీసుకోవాలి. బిళ్ళ జేబులో పెట్టుకుని క్రేనెక్కినవాడి రోజు కూలీ కొట్టేస్తారు. ఆయన లెక్కలో ఇప్పుడు ఫోనే బిళ్ళ.

"బిళ్ళ ఇవ్వకుండా పన్లోకి ఎలగెక్కుతానమ్మా? తప్పు కాదేటి?"

సామాన్ల ట్రేలోంచి ఫోన్ తెచ్చేసరికి తెర మీద ఎర్రటి అక్షరాలు. గడువు ముగిసింది.

యోగేశ్ అప్పటికే ట్యాబ్ మీద కిందా మీదా పడుతున్నాడు. "సిస్టమ్ లాక్ చేసింది. మీ నాయన నంబర్ రద్దయింది. నా చేతుల లేదు సుజనా..."

"మీ చేతుల్లో ఏముంది మరి?" సుజన ఫోన్‌ని అతని ముందుకి తోసింది. "మీ సిస్టమ్‌కి బటన్ నొక్కే వేళ్ళు తెలుసు. ఆ క్రేనుని ఇరవై ఆరేళ్ళు తిప్పిన చేతులు తెలీవు. ఇన్నేళ్ళలో మా నాన్న ఎవరి నెత్తి మీదా ఒక మూట పడేయలేదు. మీరు ఒక్క పూటలో ఆయన్ని పడేశారు."

యోగేశ్ తల దించుకున్నాడు. ముఖాన అతికించిన నవ్వు ఎప్పుడో రాలిపోయింది.

"ఒగ్గీ గుంటా," అన్నాడు కూర్మయ్య. "ఆ బాబునేటీ అనకు. నాదే పొరపాటు."

ఇంటికి వెళ్ళేదాకా ఆయన జేబులోని బిళ్ళని తడుముకుంటూనే ఉన్నాడు. అదే సుజనని ఏడిపించింది.

* * *

సోమవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"రేపు పొద్దుగాల ఐదింటికి మీ నాయనను గేటు కాడికి తీసుకరండ్రి," అన్నాడు యోగేశ్.

"ఎందుకు? రేపు మంగళవారం. లైనూ లేదు, రైడూ లేదు."

"లైన్ ఉన్నది. మీ నాయన ఒక్కడే లైన్."

మంచులో గేటు తెరుచుకుంది. యోగేశ్ గొంతు తగ్గించి గబగబా చెప్పాడు. ప్రతి మంగళవారం రైడ్‌ని పరీక్షిస్తారు. మొదట ఇసుక మూటలతో, ఆ తర్వాత మనుషులతో. స్టాఫ్, లేదంటే స్టాఫ్ కుటుంబంవాళ్ళు. దానికి యాప్ లేదు, ఒక కాగితం మాత్రమే. కింద డాక్టర్ బీపీ చూస్తాడు, మేనేజర్ సంతకం పెడతాడు.

కాగితం సుజన చేతికిచ్చాడు. అన్నీ నింపి ఉన్నాయి, ఒక్క గడి తప్ప. 'స్టాఫ్‌తో బంధుత్వం.'

"ఇదేటి ఖాళీగా ఉంది?"

"అది మీరే రాయాలె." యోగేశ్ పెన్ను తీశాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "నేనేం రాయాలనుకున్ననో నాకు తెలుసు. మీకు ఇష్టం లేకుండ రాస్తే అది అబద్ధం అయితది. మీరొద్దంటే మా రూం పక్కింటి పెద్దాయన అని రాసి మేనేజర్ కాళ్ళు పట్టుకుంట. ఎట్లనైనా మీ నాయన ఎక్కుతడు. అది మాత్రం పక్కా."

సుజన కాగితాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏటి, ఇది ప్రపోజలా? ఫారం మీదా? తెల్లారి ఐదింటికా? మా నాన్న ముందరా?"

"అవును."

"సిగ్గు లేదేటి?"

"ఉన్నది. అందుకే నోటితోని అంటలేను."

సుజన పెన్ను లాక్కుంది. కాగితం చిరిగేటంత గట్టిగా ఇంగ్లీషులో రాసింది. 'ఫాదర్ ఇన్ లా.' పక్కనే ఇంకా గట్టిగా, 'పెండింగ్.'

"ఇది రైడ్ వరకే," అంది. "నా సంగతి తేలాలంటే మా గుమ్మం ముందుకి రావాలి. ఫోన్లు, బటన్లు, మెసేజీలు ఏవీ పనికిరావు. మనిషి వచ్చి నిలబడాలి."

కూర్మయ్య ఇదేదీ వినడం లేదు. జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి యోగేశ్ అరచేతిలో పెట్టాడు. "డూటీ ఎక్కుతున్నాను బాబూ."

యోగేశ్ రెండు చేతులా అందుకున్నాడు.

బీపీ చూశారు. బాగానే ఉంది. మేనేజర్ 'పెండింగ్' చదివి నవ్వి సంతకం పెట్టాడు. ఎనిమిది మంది స్టాఫ్ మధ్య కూర్మయ్య బెల్టు బిగించుకుని కూర్చున్నాడు. పైకి లేపే ముందు కిందకి చూసి కేకేశాడు. "ఓలే సుజనా! సిగ్నలేదీ?"

కింద నుంచి మనిషి చెప్పనిదే క్రేను కదపడం ఆయనకి రాదు. చిన్నప్పుడు ఏక్‌బాల్‌పూర్‌లో తమ ఇంటి డాబా మీద ఆ డాక్ కేకలు కూతురికి ఆయనే నేర్పాడు. సుజన చేయి పైకెత్తి వేలు గిర్రున తిప్పి, ఎత్తమనే కేక వేసింది.

"హాబీస్!"

చక్రం పైకి లేచింది. మంచుని చీల్చుకుంటూ యాభై, ఎనభై, వంద అడుగులు. గంగ మీదికి తిరిగి ఆగింది. ఆయన ముఖం అంత దూరానికి కనిపించలేదు. ఒక చేయి మాత్రం బయటికి చాచి, పక్కనున్న క్రేను ఇనుముని తట్టడం కనిపించింది, పశువుని తట్టినట్టు.

సుజన కళ్ళు తుడుచుకుని మళ్ళీ కేకేసింది. దించమనే కేక.

"ఆరియా!"

* * *

బుధవారం. కూర్మయ్యకి అరవై నిండిన రోజు. తెల్లవారుజామున ఐదింటికి నీళ్ళు పట్టడానికి తలుపు తీసిన నారాయణమ్మ కెవ్వుమంది.

"ఏటండీ! గుమ్మంలో ఎవరో టై కట్టుకుని నిలబడ్డారు!"

కూర్మయ్య దుప్పటి కప్పుకుని బయటికొచ్చాడు. వెనకే సుజన, జుట్టు ముడేసుకుంటూ.

"ఎన్నింటికొచ్చినావు బాబూ?"

"నాలుగున్నరకి." యోగేశ్ పళ్ళు చలికి టకటకలాడుతున్నాయి. "నిన్న బిళ్ళ నా దగ్గరనే మర్చిపోయిండ్రు."

"నీ ముందర ఇంకెవరైనా నిలబడ్డారేటి?"

"ఒక కుక్క ఉండె. పోయింది."

కూర్మయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత బిళ్ళని అతని గుప్పిట్లోనే మూసేశాడు.

"నీ కాడే ఉంచు. డూటీ దిగినప్పుడిద్దువు గాని."

"ఈ డూటీ ఎప్పుడు దిగుడు మామయ్యా?"

"దీనికి దిగడం లేదు బాబూ."

"బాగుంది!" సుజన నడుం మీద చేయి వేసుకుని ముందుకొచ్చింది. "మీరిద్దరూ బిళ్ళలు ఇచ్చుకుంటారు, పుచ్చుకుంటారు. నన్నెవరూ అడగరేటి?"

యోగేశ్ చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. నిన్నటి ఫారం జిరాక్సు. తన టైకి గుచ్చి ఉన్న పెన్ను కూడా తీసి రెండూ ఆమె ముందు పట్టుకున్నాడు.

"మీరు పెండింగ్ అని రాసిండ్రు. గందుకే నిలబడ్డ."

సుజన కాగితం లాక్కుంది. గోడకి ఆనించి, 'పెండింగ్' మీద అడ్డంగా రెండు గీతలు కొట్టింది.

"ఇంక లోపలికి రా, తోటకూర కాడా," అంది. "చలికి బిగుసుకుపోతే మళ్ళీ మా నర్సింగ్ హోమ్‌కే వొస్తావు. టోకెన్ నేనే రాయాలి."