ఆఖరి ట్రైన్‌లో కొత్త దంపతులు

"బ్రహ్మచారీ, నీకు పెళ్ళి చేస్తున్నాను," అన్నాడు చీఫ్.

డిపార్టుమెంటులో అది అతని కోడ్ నేమ్. నలభై దాటాక ఇక దాన్ని కోడ్ అనడానికీ లేదు.

"పెళ్ళికూతురెవరు సార్?"

"మన ఏజెంటే, మైనా. సీజన్లో ఆఖరి హిల్ ఎక్స్‌ప్రెస్. ఫస్ట్ క్లాస్ కూపేలో హనీమూన్ జంటగా వెళ్తారు. పక్క కూపేలో మన మిస్సైల్ సైంటిస్టు, కూతురికి మంచు చూపించడానికి వెళ్తున్నాడు. అతను ప్రాణాలతో కొండ చేరకూడదని శత్రుదేశపు ముఠా పంతం పట్టింది."

ప్లాట్‌ఫారం మీద ఎర్ర సిల్కు స్కార్ఫుతో ఒక అందగత్తె ఎదురొచ్చింది.

"కొండమీద చలెక్కువా?" అన్నాడతను.

"తోడుంటే తెలీదు."

కోడ్ కలిసింది.

కూపేలో ఆమె అతని కోటు అందుకుని కొక్కేనికి తగిలించింది. "పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నారా?" అని అడిగింది. నటనే. అయినా ఆ మాట తనని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. గోడ అవతల పాప ఏదో అడుగుతోంది, తండ్రి నవ్వుతున్నాడు. వింటూ వింటూ, సర్వీసులో మొదటిసారి, అతను డ్యూటీలో కునుకు తీశాడు.

చలికి మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. హీటర్ నుంచి వెచ్చటి గాలి రావడం లేదు. దాని గొట్టం నోట్లో ఎర్ర స్కార్ఫు కుక్కి ఉంది. ఆ గొట్టం రెండు కూపేలకీ ఒకటే.

ఎదురుగా మైనా. చేతిలో చిన్న పిస్టల్.

"లోపలేం పెట్టావ్?"

"విషవాయువు. టైమరు అయిపోవచ్చింది, కదలకండి. మిమ్మల్నీ వదలొద్దన్నారు మా ముఠావాళ్ళు. నాకే మనసొప్పలేదు. అందుకే మనవైపు మూసేశాను."

"అవతల పాప ఉంది."

ఆమె చూపు గోడవైపు తిరిగింది. అంతే. అతని కాలి దెబ్బకి పిస్టల్ ఎగిరి కిందపడింది. అతను స్కార్ఫు లాగి, భుజందాకా చెయ్యి దూర్చాడు. లిప్‌స్టిక్ అంత సిలిండర్, దానిమీద గబగబా మిణుకుమంటున్న ఎర్రలైటు. మోచేత్తో కిటికీ అద్దం పగలగొట్టి విసిరేశాడు. లోయలోకి పడుతూనే అది తెల్లటి పొగై విచ్చుకుంది.

"నాన్నా, మంచు!" అవతల పాప కేక పెట్టింది.

బేడీలు వేస్తుంటే మైనా అంది, "నిద్రలో నవ్వారు మీరు."

 అతను కొక్కేనికున్న తన కోటు తీసి ఆమె భుజాలమీద కప్పాడు. స్టేషన్లో పోలీసు జీపు మలుపు తిరిగేదాకా చలిలో అలాగే నిలబడ్డాడు.

సైంటిస్టు దిగిన హోటల్లోనే అతనికీ గది ఉంది.

"డబుల్ రూమ్ కదా సార్, అమ్మగారు రాలేదా?" అన్నాడు క్లర్కు.

"అత్తారింటికెళ్ళింది," అన్నాడు బ్రహ్మచారి. "ఇప్పట్లో పంపరు."