దాతల కుర్చీ

ముత్యమ్మ నన్ను మొదటిసారి "సార్" అని పిలిచినప్పుడు నా చేతిసంచిలో ఉన్న ప్యాంటుకు పదకొండు చిల్లులున్నాయి.

అది తొంభై ఏడో సంవత్సరం, వానాకాలం. నేను కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో హెల్పర్‌ని. హెల్పర్ అంటే డ్రమ్ములు దొర్లించేవాడు, బస్తాలు మోసేవాడు, ఎవరు పిలిచినా "ఆ, వస్తున్న" అనేవాడు. యాసిడ్ డ్రమ్ము మూత తీసినప్పుడల్లా రెండు చుక్కలు ఎగిరి ప్యాంటు మీద పడేవి. అప్పటికప్పుడు ఏమీ కనిపించదు. ఉతికి ఆరేస్తే తెలుస్తుంది, చుక్క పడినచోటల్లా చిల్లు. అందుకే మా దగ్గర రెండు రకాల బట్టలుంటాయి. ఒకటి డ్యూటీ జత, ఒకటి నలుగురిలో తిరిగే జత. నాకు రెండు రకాలూ ఒక్కొక్కటే ఉండేవి.

పటాన్‌చెరులో మహిళా సంఘం వాళ్ల పాతబట్టల దుకాణం ఉందనీ, అక్కడ ఐదు రూపాయలకు ప్యాంటు దొరుకుతుందనీ నా రూమ్మేట్ యాదన్న చెప్పాడు. క్వార్టర్లలో ఉండే ఆఫీసర్ల ఇళ్లవాళ్లు బట్టలు తెచ్చిస్తారు. సంఘం వాళ్లు వాటిని ఉతికి, గుండీలు కుట్టి మాలాంటి వాళ్లకు అమ్ముతారు. వచ్చిన డబ్బుతో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిస్తారు. మరీ చిరిగిపోయినవి మాత్రం మిషన్లు తుడిచే గుడ్డల కింద కంపెనీలకు తూకానికి పోతాయి.

యాదన్న ఒక్క సంగతి చెప్పడం మరిచిపోయాడు. ఆ దుకాణానికి రెండు తలుపులు. ఇచ్చేవాళ్లకు రోడ్డు వైపు తలుపు, కొనేవాళ్లకు సందు వైపు తలుపు.

ఆదివారం పొద్దున షిఫ్టు దిగి, డ్యూటీ జత సంచిలో కుక్కుకుని బస్సు దిగానో లేదో, వాన దంచికొట్టింది. ఎదురుగా కనిపించిన తలుపులోకి దూరాను. లోపల ఒక టేబులు, దాని ముందు పేము కుర్చీ, గోడకు నల్లబోర్డు. బోర్డు మీద "ఈ వారం దాతలు" అని ముత్యాల్లాంటి అక్షరాలు.

"రాండ్రి సార్, వానల తడుసుకుంట తెచ్చిన్రా?" అంది టేబులు వెనక అమ్మాయి. "కూసోండ్రి."

నన్ను కుర్చీలో కూర్చోమని ఎవరైనా అని ఎన్నాళ్లయిందో. కూర్చున్నాను. ఆమె మెడలో టేపు, ఓణీకి గుచ్చిన రెండు సూదులు, నవ్వితే ఒక పక్కకే జరిగే పెదవి. ఇవి చూస్తుండగానే ఆ అమ్మాయి నా చేతిలోంచి సంచి అందుకుంది.

"అది గాదు మేడమ్, నేను..."

"గింతే తెచ్చినమని సిగ్గుపడకుండ్రి సార్. ఒక్క రుమాలిచ్చినా ఇచ్చినట్టే. చాయ్ తాగుతరా?"

"తాగుత," అన్నాను. నా కష్టాలన్నీ ఆ ఒక్క మాటతో మొదలయ్యాయి.

అల్లం చాయ్. వేడివేడిగా, గాజు గ్లాసులో.

"యాడ పని చేస్తరు సార్?"

"కాజీపల్లిల. మందుల కంపెనీ."

"ఆఫీసరా?"

సరిగ్గా అప్పుడే చాయ్ గొంతు కాలుస్తూ దిగింది. తల ఊపాను. వేడికి ఊపానో, ఆఫీసర్‌కి ఊపానో ఆమే తేల్చుకోవాలని నా తెలివి. ఆమె తేల్చుకుంది.

సంచిలోంచి ప్యాంటు తీసి వెలుతురుకు పట్టింది. చిల్లుల్లోంచి అవతలి కిటికీ స్పష్టంగా కనిపించింది.

"మా హెల్పర్‌ది," అన్నాను గబగబా. "ఇచ్చి రమ్మన్నడు. పాపం, మంచి పిలగాడు."

"మంచి పిలగాడా?"

"శాన మంచోడు."

"మరి ఈ టిఫిన్ డబ్బా గూడ ఆయన దానమిచ్చిండా?"

"అది నాది!" అని లాక్కున్నాను. మూత ఊడి, అడుగున మిగిలిన పచ్చడి మెతుకులు కనిపించాయి. "ఆఫీసర్లు గూడ పచ్చడి తింటరు," అన్నాను.

"తింటరు తింటరు," అని ఆమె చాక్‌పీసు తీసింది. "పేరేంది సార్?"

శ్రీ చిన్నరాములు గారు, కాజీపల్లి: ఒక జత. నా పేరుకు ముందు "శ్రీ", వెనక "గారు" రావడం పుట్టాక అదే మొదలు. వాన వెలిసినా నేను బోర్డు చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను.

రూముకు చేరగానే యాదన్న అడిగాడు. "కొన్నవా? ప్యాంటు యాడ?"

"ఇచ్చిన."

"ఉన్నదొక్కటే గదరా!"

"చాయ్ ఇచ్చిన్రు," అన్నాను.

సోమవారం మంచి ప్యాంటుతో డ్యూటీకి పోయాను. బుధవారానికి దానికీ మూడు చిల్లులు పడ్డాయి.

ఆ తర్వాత ఒక పద్ధతి కుదిరింది. దుకాణం తెరిచే బుధ, ఆదివారాల్లో యాదన్న సందు తలుపులోంచి పోయి నాకు బట్టలు కొనేవాడు. నేను రోడ్డు తలుపులోంచి పోయి, కుర్చీలో కూర్చుని, దానం చేసేవాణ్ణి. మొదట అమ్మ పంపిన దుప్పటి ఇచ్చాను. తర్వాత లుంగీ. ఆ తర్వాత యాదన్నకు చెప్పకుండా యాదన్న బనియన్లు. పేపర్లు పరుచుకుని పడుకునేవాణ్ణి. వీపు మీద వార్తలు అచ్చుపడేవి.

"ఏంది సార్, మీ ఇంట్ల బట్టల దుకాణమున్నదా?" అనేది ముత్యమ్మ.

"ఇచ్చే చెయ్యి ఊకోదు," అనేవాణ్ణి, చెప్పడానికే సిగ్గేస్తోంది ఇప్పుడు.

ఆమె గుండీలు కుడుతూ మాట్లాడేది. తల్లి లేదు. తండ్రి నర్సన్న ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. తనకు సొంతంగా మిషను కొనుక్కుని దుకాణం పెట్టాలని ఉంది. చెప్పేటప్పుడు దారం పళ్లతో కొరికేది. ఆ దారం తెగిన చిన్న చప్పుడు వారమంతా నా చెవుల్లో ఉండేది.

ఐదో వారానికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. పోయిన ఆదివారం యాదన్న సందులోంచి కొనుక్కొచ్చిన నీలం షర్టునే మడతపెట్టి పట్టుకెళ్లాను. ముత్యమ్మ కాలరు తిప్పి చూసింది.

"ఈ గుండీ మంచిగ కుట్టిన్రు సార్. ఎవరు కుట్టిన్రు?"

"మా అమ్మ."

"మీ అమ్మ పచ్చదారంతోని కుడ్తదా? నేను గూడ పచ్చదారంతోనే కుడ్త."

"శాన మంది కాడ పచ్చదారముంటది."

"ఔ సార్. దునియల పచ్చదారానికేం కొదువ," అని నవ్వకుండా బోర్డు మీద నా పేరు రాసింది. దొరకలేదులే అనుకుంటూ, ఈల వేసుకుంటూ రూముకు పోయాను. నా బుర్ర అంతటిది.

తర్వాతి బుధవారం చాయ్ ఇస్తూ అంది, "ఆదివారం నాలుగ్గొట్టంగ కంది ఊరి నుంచి నన్ను పెండ్లికి చూడనీకి వస్తున్రు సార్."

గ్లాసు టేబులు మీద పెట్టేశాను. "పిలగాడేం చేస్తడు?"

"కరెంటాఫీసుల పని. నాయినకు నచ్చిండు."

"నీకు?"

ఆమె సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు తీసుకుంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పేటోడైతే నాకు చాలు. మీకెరుకైన మంచి పిలగాడున్నడా సార్? గప్పుడు మీ హెల్పర్ శాన మంచోడన్నరు గదా?"

"వాడా? వానికి ప్యాంటు గూడ లేదు."

"అడిగి చూడుండ్రి. ఆదివారం లోపల."

రెండు రోజులు నేను ఆ హెల్పర్ మీద కుళ్లుకున్నాను. ఒక్క ప్యాంటు ఇచ్చినందుకే వాణ్ణి ఇంత గుర్తుపెట్టుకుందా, దుప్పటి ఇచ్చిన నేను ఏమైపోవాలి అని యాదన్న ముందు ఏడ్చినంత పని చేశాను. యాదన్న తింటున్న ముద్ద ఆపి నా వైపు చూశాడు.

"ఒరేయ్, ఆ హెల్పర్‌వు నువ్వే గదరా!"

అప్పుడు తట్టింది. ముత్యమ్మకు అంతా తెలుసేమో. తెలియకపోతే, చెప్పగానే ముఖం మీద తలుపు వేస్తుందేమో. చాయ్ పోతే పోయింది, కుర్చీ పోతే పోయింది. ముత్యమ్మ నాలుగు గంటలకు వేరేవాళ్ల ముందు కూర్చుంటుందనుకుంటే మాత్రం తట్టుకోలేకపోయాను.

ఆదివారం పదకొండింటికి సందు తలుపు దగ్గర లైన్లో నిలబడ్డాను. ముందు మనవడి నిక్కరు కోసం వచ్చిన మొగులమ్మ అనే ముసలమ్మ. వెనక మా ప్లాంటు వాళ్లు ఇద్దరు, వాళ్ల వెనక యాదన్న. నా వంతు రాగానే అమ్మకాలు చూసే సంఘం పెద్ద, రిటైర్డ్ టీచరు లక్ష్మీనరసమ్మ గారు కళ్లజోడు సర్దుకుంది.

"అయ్యో, దాతగారూ! మీరు సందులోంచి వచ్చారేమిటి? అటు వచ్చి కుర్చీలో కూర్చోండి!"

లైనంతా నన్నే చూసింది. అవతలి గది గుమ్మంలోకి ముత్యమ్మ వచ్చి నిలబడింది, మెడలో టేపుతో.

"నేను దాతను గాదు టీచరమ్మా," అన్నాను. "హెల్పర్‌ను. ఆ దినం ప్యాంటు కొననీకే వచ్చిన. వానకు తలుపు తప్పిన. చాయ్ ఇస్తె తాగిన, సార్ అంటె ఊకున్న. ఇచ్చినయన్ని నా బట్టలే. నీలం షర్టు మీ దుకాణందే. రెండు బనియన్లు మాత్రం యాదన్నయి."

"నా బనియన్లా!" అని వెనక నుంచి కేక.

"గిప్పుడేం గావాల్నో చెప్పు బిడ్డా, లైన్ ఆగింది," అంది మొగులమ్మ.

"డ్యూటీ ప్యాంటు గావాలె," అన్నాను. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు కనుక ముత్యమ్మ వైపే తిరిగాను. "ఇంకోటి చెప్పాలె. చాయ్ కోసం వచ్చింది మొదటి దినమొక్కటే. కడమ దినాలన్ని నీకోసమే వచ్చిన. నువ్వంటె నాకు పానం ముత్యమ్మా. ఆఫీసర్‌ను గాను, ఎప్పటికి గాను. గంతే."

మొగులమ్మ నిక్కరు చంకలో పెట్టుకుని ఆగిపోయింది.

"నడుమెంత?" అంది ముత్యమ్మ.

"ఇరవై ఎనిమిది."

లోపలికి పోయి ఒక ప్యాంటు తెచ్చి నా చేతిలో పెట్టింది. నా ప్యాంటే. ఇస్త్రీ చేసి ఉంది. పదకొండు చిల్లులకు పదకొండు మాసికలు, లోపలివైపు నుంచి, సన్నగా, ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత.

"తుడిచే గుడ్డలల్ల పోవాల్సింది. నేనే పక్కకు వెట్టిన."

"మొదటి దినమే ఎరుకేనా నీకు?"

"మా నాయిన గేటు కాడికి రాకముందు యాసిడ్ ప్లాంటుల పన్నెండేండ్లు చేసిండు. గీ చిల్లులు నాకెరుక లేవా? ఆఫీసర్ల ప్యాంట్లు కూసునే కాడ అరుగుతయ్. తొడల మీద చిల్లులు వడవు."

"మరి చెప్పకపోతివి?"

"చెప్పాల్సింది నేనా? ఇయ్యాల చెప్తవ్, రేపు చెప్తవని చూసిన. దుప్పటి గూడ తెచ్చిస్తివి, ఇగ ఒంటి మీది బట్టలు గూడ ఇస్తవేమోనని పరేషానైన." పెదవి ఒక పక్కకు జరిగింది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "నాయిన రెండింటి దాక గేటు కాడుంటడు. నాకు చెప్పినట్టే ఆయనకు చెప్పు. ఈ ప్యాంటు తొడుక్కొని పో. ఐదు రూపాలిచ్చి పో."

"నా ప్యాంటే గదా?"

"ఇచ్చినంక సంఘానిది."

ఇచ్చాను.

నర్సన్న గేటు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గుబురు మీసాలు, పక్కన కర్ర. చెప్పాల్సిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. చాయ్, కుర్చీ, శ్రీ, గారు, బొంతపల్లి నుంచి అమ్మ పంపిన దుప్పటి, అన్నీ. ఆయన నా ముఖం చూడలేదు. నా ప్యాంటు చూస్తున్నాడు.

"యాసిడా?"

"ఔ కాకా."

ముందుకు వంగి మోకాలి పైన ఉన్న మాసికను బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. "ఎవరు కుట్టిన్రు?"

"మీ బిడ్డ."

"అన్ని తనే కుట్టిందా?"

"పదకొండు, కాకా."

ఆయన నిటారుగా కూర్చున్నాడు. చాలాసేపు రోడ్డు మీద పోయే లారీలు చూశాడు. ఆ కాసేపట్లో నేను కంది పెళ్లికొడుకు చేతిలో ఎన్నిసార్లు ఓడిపోయానో చెప్పలేను. అప్పుడు ఆయన తన కాలు ముందుకు చాపాడు. యూనిఫాం ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంది. పిన్నీసు పెట్టి ఉంది.

"నెల దినాల సంది కుట్టవే బిడ్డా అంటున్న. సంఘం పనే తీరుతలేదు నాయినా అంటది," అన్నాడు. మీసాల కింద నవ్వు ఆగలేదు. "కన్నతండ్రికి ఒక్కటి కుట్టనీకి తీరలే, నీకు పదకొండు కుట్టిందా! ఆ కరెంటాఫీసు పిలగాడు మంచోడే. కానీ దీని మనసు గిట్ల ఉన్నంక, వాళ్లొచ్చి ఏం చూస్తరు?" లేచి, స్టూలు నా వైపు నెట్టాడు. "కూసో. గేటు చూడు. నేను ఎస్‌టీడీ బూత్ కాడికి పోయి కందోళ్లకు వద్దని చెప్పొస్త. వచ్చే ఐతారం మీ అమ్మనాయినలను బొంతపల్లి నుంచి తోలుకరా."

కూర్చున్నాను. ఒక లారీ హారను కొట్టింది. లేచి గేటు తీశాను. లారీ డ్రైవరు నాకు సలాం చేశాడు, ఈసారి ఆ మర్యాద నాకెందుకు దక్కిందో నాకు తెలుసు.

బుధవారం నల్లబోర్డు మీద నా పేరు చివరిసారి కనిపించింది. "చిన్నరాములు, హెల్పర్: రెండు బనియన్లు, యాదన్నకు వాపసు." శ్రీ లేదు, గారు లేదు. యాదన్న దాన్ని మూడుసార్లు పైకి చదివాడు.

పెళ్లయ్యాక మామ ప్యాంటు మోకాలి చిరుగు మాత్రం చివరికి నేనే కుట్టాను, ముత్యమ్మ పక్కన కూర్చుని తప్పులు పడుతుంటే. పచ్చదారంతో, బాగా వంకరగా. ఆ ప్యాంటు పాతబడింది, సంఘానికి ఇచ్చేద్దామని మేం ఎంత అడిగినా ఆయన ఇప్పటికీ ఇవ్వడం లేదు.