కాలిన గౌను

ఇస్త్రీపెట్టె పైకెత్తి చూసేసరికి మిడత గుండె జారిపోయింది. తెల్ల గౌను మీద, సరిగ్గా ఛాతీ దగ్గర, గోధుమరంగు మచ్చ పడింది.

ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ ఆ పిల్లను మిడత అంటారు. రేపు చర్చిలో ఆరుగురికి బాప్తిస్మం. వాళ్లలో మిడత కూడా ఉంది. ఆరు తెల్ల గౌన్లూ కుట్టింది వాళ్లమ్మే. "దారం కొనుక్కొస్తా, ఇస్త్రీపెట్టె ముట్టుకోకు" అని అమ్మ గడప దాటిందో లేదో, ఈవిడగారు తన గౌను తనే ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది. కిటికీ మీద పిల్లి కనబడితే దానివంక చూస్తూ ఉండిపోయింది.

ఆ ఆరుగురిలో చర్చి ఊడ్చే పెద్దమ్మ కూడా ఉంది. ఆవిడదీ మిడత కొలతే. అరవై దాటినా ఆవిడ మిడత కంటే బెత్తెడు ఎత్తు, అంతే. గౌన్లకు పేర్లు రాసిన చీటీలు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. మిడత ఆ రెండు చీటీలూ తీసి, అటుది ఇటు, ఇటుది అటు గుచ్చేసింది. మచ్చ లోపలికి పోయేలా మడతపెట్టింది.

"ఎలాగూ రేపు నీళ్లలో మునుగుతాగా, ఈ తప్పు కూడా పోతుందిలే" అనుకుంది.

సాయంత్రం అమ్మతో గౌన్లు పంచడానికి చర్చికి వెళ్లింది. వేదిక మీది చెక్కలు తీసి, కింద ఉన్న బాప్తిస్మపు తొట్టిలోకి పాస్టర్ గారు పైపుతో నీళ్లు పడుతున్నారు. పెద్దమ్మ చేతులు తుడుచుకుని గౌను అందుకుంది. విప్పి చూసింది.

అమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో, నా చేతిలోనే కాలినట్టుంది పెద్దమ్మా. చూసుకోలేదు. ఏమనుకోకు."

"పోనీలేమ్మా. ఊడ్చేదాన్ని, నాకిది చాలు" అని పెద్దమ్మ నవ్వింది. కానీ ఆ మచ్చను బొటనవేలితో రెండుసార్లు రుద్దింది.

మిడతకు తల కొట్టేసినట్టయింది. తప్పు తనది, తల దించుకున్నది అమ్మ. మెల్లగా తొట్టి దగ్గరికి వెళ్లింది.

"నీళ్లలో మునిగితే తప్పులన్నీ పోతాయి కదండీ?"

"నీళ్లకే అంత మహిమ ఉంటే చేపలన్నీ ఈపాటికి భక్తులైపోయేవమ్మా" అన్నారు పాస్టర్ గారు. మిడతకు నవ్వు రాలేదు. ఆయన పైపు పక్కన పెట్టారు. "క్షమించేది దేవుడు. మునగడమంటే పాత బతుకును పాతిపెట్టి, క్రీస్తుతో కొత్తగా లేవడం. చంకలో దాచుకున్నదాన్ని వదలకుండా మునిగితే, దాంతోనే పైకొస్తాం."

ఇంటికొచ్చాక అమ్మ మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున చర్చి వెనక గదిలో అంతా బట్టలు మార్చుకుంటున్నారు. పెద్దమ్మ ఒక మూల అటు తిరిగి నిలబడి ఉంది. కాలిన గౌను ఇంకా చేతిలోనే ఉంది.

"పెద్దమ్మా" అంది మిడత. అందరూ చూశారు. చెవులు భగ్గుమన్నాయి. "అది నాది. కాల్చింది నేనే. చీటీలు మార్చింది కూడా నేనే. అమ్మ తప్పేం లేదు."

పెద్దమ్మ ఇటు తిరిగింది.

"ఈ వయసులో నాకెందుకీ ముచ్చట, మానేద్దామనుకున్నానే రాత్రి" అంది. "మళ్లీ మనసొప్పక వచ్చా."

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. మిడత ఏడుస్తూనే మంచి గౌను ఆవిడ చేతిలో పెట్టి, కాలినది తొడుక్కుంది. అమ్మ వచ్చి వెనక గుండీలు పెట్టింది.

మిడత నీళ్లలో మునిగి లేచింది. తడిసిన బట్ట మీద మచ్చ ఇంకా ముదురుగా కనబడింది. బల్లల మీద కూర్చున్న వాళ్లంతా అటే చూస్తున్నారు. సిగ్గేసి చెయ్యి అడ్డం పెట్టుకోబోయింది.

అంతలో తర్వాత దిగాల్సిన పెద్దమ్మ తడి మెట్టు మీద తడబడింది. మిడత ఆ చేతిని ఆవిడకు అందించింది.