ఎడమ రెక్క మీద ఊక

బాపట్ల స్టేషన్ ఎదురు హోటల్లో ఇడ్లీ ప్లేటు పక్కన ఒక నల్ల రబ్బరు ముక్క పెట్టారు అచ్యుతరామయ్య. చూడ్డానికి రిటైరైన సంస్కృతం మాస్టారు. నిజానికి గూఢచర్య విభాగంలో ఏజెంట్ శశిధర్‌కి బాస్.

"విమానం రెక్క అంచుకి వేసే తొడుగు ఇది. మంచు పేరుకుంటే గాలితో ఉబ్బి పగలగొట్టాలి. ఇది నకిలీది బాబూ, ఉబ్బదు. మీ అన్నయ్య విమానం శకలాల్లో దొరికింది."

శశిధర్ నవ్వాడు. ఒళ్లు మండినప్పుడే అతనికి నవ్వొస్తుంది. రెండేళ్ల కిందట అన్న, కెప్టెన్ రవిశంకర్ నడిపిన టర్బోప్రాప్ విమానం కొండల మీద మేఘంలో కూలింది. తప్పు పైలట్‌దేనని తేల్చారు. "మంచులో ఆటోపైలట్‌ని నమ్మకూడదురా, వేగం తగ్గనివ్వకూడదు, కిందికి దిగిపోవాలి" అని అన్నం తింటూ కూడా చెప్పే మనిషి మీద పడ్డ నింద అది.

"జిగురులో ఏం అంటుకుందో చూడు."

చూశాడు. వడ్ల ఊక.

ఫారిన్ సరుకులో ఊక ఎక్కడిది? ఐసు దిమ్మలు కరగకుండా ఊక కప్పేది మన ఐస్ ఫ్యాక్టరీల్లో. అలవాటు కొద్దీ కూలీలు రబ్బరునీ ఊకలోనే పెట్టి పంపారు.

"రొయ్యల ఐసు. రేపల్లేనాండి?"

"అక్కడే. ఈ నకిలీ సరుకు ముఠా నాయకుడు మార్కో. ఇవాళ మధ్యాహ్నం కొండల వైపు ఎగరబోయే ఇంకో విమానానికీ ఈ తొడుగే వేశారు. అరవై మంది ఎక్కుతారు. ఏ విమానమో తెలీదు. నంబరు చెబితేనే ఆపుతామంటోంది ఎయిర్‌లైన్. వాణ్ణి ప్రాణాలతో పట్టుకో."

"చూస్తానండి," అన్నాడు శశిధర్. పట్టుకోవాలని అతనికి లేదు. చంపాలని ఉంది.

తెనాలిలో రొయ్యల వ్యాపారిగా వేషం మార్చాడు. తెల్ల లుంగీ, మెడలో లావుపాటి గొలుసు, చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్, చెవిలో కనపడని ఇయర్‌ఫోన్.

రేపల్లె ఐస్ ఫ్యాక్టరీలో మేనేజరు సునీల. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, మార్కో జీతం, మన విభాగం జీతం.

"రొయ్యలకి ఐసు కావాలమ్మా."

"ఎన్ని దిమ్మలండి?"

"సముద్రం గడ్డకట్టేటన్ని."

కోడ్ కలిసింది. వెంటనే ఆమె పిస్టల్ అతని నడుముకి ఆనింది. "లోపలికి నడవండి అన్నయ్యగారూ." ఈవిడ ఎటువైపో బాస్‌కి కూడా గట్టిగా తెలీదు.

కోల్డ్ రూంలో మార్కో ఉన్ని కోటు వేసుకుని ఫోన్ చూస్తున్నాడు. తెర మీద విమానం గుర్తుగా ఒక చుక్క మేఘంలోకి ఎక్కుతోంది. వాడికి తెలుగు బాగానే వచ్చు, మోసానికి సరిపడా.

"వీడు గూఢచారి, ఎలాగూ చస్తాడుగా సార్. ఏ విమానమో విని చావనీయండి," అంది సునీల.

"హిమరాణి 702," అన్నాడు మార్కో మురిసిపోతూ.

పిస్టల్ వాడి వైపు తిరిగింది. అప్పటికే శశిధర్ చేతులు వాడి గొంతు మీదున్నాయి. అన్న మొహం కళ్ల ముందు కదిలింది. ఇంకొంచెం నొక్కితే చాలు.

చెవిలో బాస్ గొంతు. "విమానం ఒరిగిపోతోంది శశీ. ఏ రెక్కది నకిలీయో పైలట్‌కి తెలియాలి. అడుగు."

వదలకపోతే అరవై మంది పోతారు. శశిధర్ పళ్లు కొరుకుతూ వదిలాడు.

"ఎ... ఎడమ," అన్నాడు మార్కో దగ్గుతూ.

"ఎడమ రెక్కండి. ఆటోపైలట్ తీసేయమనండి. వేగం తగ్గనివ్వొద్దు, మేఘం కిందికి దిగమనండి."

తెర మీద చుక్క జారింది, జారింది, కొండకి కాస్త పైన నిలబడింది.

"బయటపడ్డారు. మంచు రాలిపోతోందట," అన్నారు బాస్. శశిధర్ సిగ్గుపడకుండా ఏడ్చాడు. తర్వాత మార్కో కోటు విప్పించి భుజాన వేసుకుని, సునీలతో బయటికొచ్చి తలుపు గడియ పెట్టాడు.

"చలికి చచ్చిపోతాను," లోపల్నుంచి అరిచాడు మార్కో.

శశిధర్ తలుపు అద్దంలోంచి చూసి నవ్వాడు.

"తెనాలి నుంచి పోలీసులు వస్తున్నారు. అందాకా గుండ్రంగా పరిగెత్తుతూ ఉండు. మంచులో వేగం తగ్గనివ్వకూడదని మా అన్నయ్య చెప్పేవాడు."