సాంచాల ఇంటి పిల్ల

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. పొద్దున చాయ తాగే వేళకే అంబదాస్ ఇంట్లో నాలుగు సాంచాలూ దడదడలాడుతుంటాయి. ఆ మోతలో నోటితో పనేముంది? చాయకు ఒక సైగ, అన్నానికి ఒక సైగ, దారం తెగితే ఒక సైగ. అరిచి గొంతు పోగొట్టుకునేది కొత్త కోడళ్లే. అంబదాస్ ఆరేళ్ల కూతురు భాగ్య ఆ సైగలన్నీ నడకకు ముందే నేర్చిందని నానమ్మ కమలవ్వ వాడంతా చెప్పుకుని మురిసేది. మాటలు రాలేదేమని ఎవరైనా అడిగితే, వాళ్ల తాతకూ ఆలస్యంగానే వచ్చాయని కొట్టిపారేసేది.

ఆ ఉదయం కొడుకూ కోడలూ పిల్లతో హైదరాబాద్ బస్సు దిగారు. కమలవ్వ వాళ్లను మోతకు దూరంగా పెరట్లోకి తీసుకుపోయింది.

"ఏమన్నడే డాక్టర్?"

"పుట్టినకాన్నుంచే ఇనవడదట అత్తా," అంది కోడలు అనసూర్య. "ఆపరేషన్ చేసి చెవిల మిషిన్ పెడుతరట. పెద్ద పట్నాలల్ల నాలుగైదేండ్ల సంది చేస్తున్నరట. మాటలు మంచిగ రావాల్నంటె రెండు మూడేండ్లప్పుడే తీస్కరావాలె, ఇప్పుడు ఆలస్యమైందన్నడు."

"అబద్ధం! సాంచాలు బందువెడితె గిర్రున తిరిగి చూస్తది. ఇనవడకుంటె ఎట్ల తెలుస్తదే?"

"గదే చెప్పిన. నేల మీద నిలవెట్టకుండ, ఎత్తుకొని చూడుమన్నడు."

కమలవ్వ మొండిది. చూద్దాం పదమంది. అంబదాస్ పిల్లను చంకనెత్తుకుని, సాంచాలు దాని కంట పడకుండా వీధివైపు తిరిగాడు. కమలవ్వ సైగ చేయగానే పనివాడు పర్శరాములు నాలుగు సాంచాలూ ఆపేశాడు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. భాగ్య మాత్రం తండ్రి అంగీ గుండీతో ఆడుకుంటూనే ఉంది. మళ్లీ నడిపించి, పిల్లను దించి, మళ్లీ ఆపారు. ఈసారి గిర్రున తిరిగి చూసి నవ్వింది. నేల అదురు ఆగిన సంగతి అరికాళ్లకు తెలిసింది, అంతే.

కమలవ్వ సాంచా పక్కనే నేల మీద కూర్చుంది.

"మూడేండ్ల కింద కరీంనగర్ దవాఖానకు పోతనంటె దర్వాజకు అడ్డం నిలవడ్డవు," అంది అనసూర్య. "చెవిటిదని పేరు పెడుతవా అన్నవు. పోనిచ్చి ఉంటె నా బిడ్డ ఇయ్యాల నన్ను అమ్మా అని పిలిచేదేమో అత్తా!"

నిజమే. అప్పుడు కమలవ్వ పిల్లను వేములవాడ తీసుకుపోయి, రాజన్న దేవుడికి మొక్కుగా కోడెను కట్టించి నిమ్మళంగా కూర్చుంది. డాక్టరు దగ్గరికి పోవద్దని రాజన్న చెప్పాడా? పంతం తనది, నష్టం పసిదానిది.

"నేను గూడ నోరిప్పలే గదా," అన్నాడు అంబదాస్ తల వంచుకుని.

"వాన్ననకు. నన్ను తిట్టు బిడ్డా. నా కండ్లకే పొరలు కమ్మినయి," అంది కమలవ్వ కోడలితో.

అనసూర్య తిట్టలేకపోయింది. ఏడుస్తూ అత్త పక్కనే కూర్చుంది. "చెవెనక పెట్టే మిషిన్ ఇస్తరట. జరంత సప్పుడు తెలుస్తదట. చేతులతోని మాట్లాడుడు, సదువు నేర్పే బడి ఉన్నదట. ఇంట్లోల్లు గూడ నేర్చుకోవాల్నట."

"నేనొస్త. ఈ ముసల్దానికి అబ్బకున్నా నేర్చుకుంట."

పెద్దవాళ్ల ఏడుపు చూసి భాగ్య దగ్గరికొచ్చి, నానమ్మ చెంపలు తుడిచింది. తప్పయిందని పిల్లకు చెప్పాలని కమలవ్వ చేతులెత్తింది. ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఆరేళ్లుగా ఆ ఇంట్లో పిల్లకు పని సైగలే నేర్పారు. మనసులో మాట చెప్పుకునే సైగ ఒక్కటీ లేదు.

వినపడదని ఇప్పుడు తెలుసు. అయినా పిల్లను గుండెకు హత్తుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, "తప్పయింది బిడ్డా," అంది కమలవ్వ.