ఇరవై పొట్లాలకి ఒక్క మెతుకు

కోర్టు మొదలవబోతుండగా, వరండాలో జనం మధ్య, లాయరు నిలబడే చనిపోయాడు. గోడకి ఆనుకుని ఉండటంతో ఆ సంగతి వెంటనే ఎవరికీ తెలియలేదు. ఆయనకి ఎప్పుడూ ఉండే పొడిదగ్గు ఆగిపోయిందని మొదట గమనించింది కోర్టు టైపిస్టు. చాలా ఏళ్ళుగా ఆ దగ్గు వింటూ టైపు కొట్టిన మనిషి ఆమె. కేసు పిలిచారు. ఆయన కదల్లేదు. నోట్లో దగ్గుబిళ్ళ సగమే కరిగింది.

గుండెపోటని రాసేసి, నల్లకోటు మడిచి ఇంటివాళ్ళ చేతిలో పెట్టారు. చేతిసంచిలో కేసు కాగితాలు ఒక్కటీ ఎందుకు లేవని అడిగిన నాథుడు లేడు.

ఇంటివాళ్ళంటే ఒక్కడే, తమ్ముడు. ఎగుమతుల కంపెనీలో సేల్స్ పనని చెప్పుకునే ఆ తమ్ముడు నిజానికి సీక్రెట్ ఏజెంటు. అడుగుల చప్పుడు వినపడదని ఆఫీసులో అతన్ని పిల్లి అంటారు. అన్న మాత్రం చివరిదాకా చిన్నోడా అనే పిలిచాడు.

"గుండెపోటు కాదు," అన్నాడు బాస్. "మీ అన్నని చంపారు."

టేపు ఆన్ చేశాడు. అలవాటు లేని భాషని కూడబలుక్కుంటూ ఒక మగగొంతు: "దగ్గు ఆగింది. ఇక పొయ్యి వెలిగించడమే."

"ఎవరిది?"

"సరిహద్దు అవతలి ముఠా. ఏ పొయ్యో తెలీదు. వెలిగితే మాత్రం ఊళ్ళో సగం మంది మిగలరు."

"మా అన్నతో వాళ్ళకేం పని సార్? డ్రగ్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించుకునే మనిషి."

"అదే నువ్వు కనుక్కోవాలి. ఆయన చేతిలో మిగిలిన కేసు ఒక్కటే, రేపే విచారణ. జూనియర్ లాయరుగా వెళ్ళు." బాస్ బల్ల మీదుగా ఒక నకిలీ బార్ కౌన్సిల్ కార్డు తోశాడు.

"నాకు సెక్షన్లు రావు సార్."

"చాలామంది జూనియర్లకీ రావు. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. 'మీ వాచీ ఆగినట్టుంది' అను. 'కీ ఇచ్చాను' అంటే ఆ మనిషే. ఎవరో ఇప్పుడు చెప్పను. తెలిస్తే నీ కళ్ళే చెప్పేస్తాయి."

మారువేషాల విభాగం వాళ్ళిచ్చిన కోటు భుజాల దగ్గర పట్టేసింది. పిల్లి అన్న కోటే తెచ్చుకున్నాడు. రెండో గుండీ తీసి దాని స్థానంలో మైక్ కుట్టారు. చెవిలో కనపడనంత రిసీవర్ పెట్టారు. కోటు తొడుక్కోగానే పుదీనా బిళ్ళల వాసన గుప్పుమంది. వెనక ఎవరో పొడిగా దగ్గారు. తిరిగి చూస్తే అద్దం తప్ప ఏమీ లేదు. దయ్యాలని నమ్మని మనిషే, అయినా ఆ గదిలో లైటు ఆర్పడానికి చెయ్యి రాలేదు.

కోర్టు కింది అంతస్తులో లాకప్ ఉంది. ముద్దాయి కుట్టుమిషన్ల మెకానిక్. నెలల తరబడి జైల్లో ఉన్నా గోళ్ళ సందుల్లో నూనె నలుపు పోలేదు. అతని పక్కన నీలం స్కార్ఫ్ కట్టుకున్న లాయరమ్మ కూర్చుంది. కొత్త వకీలట. సినిమా పోస్టర్ మీంచి దిగొచ్చినంత అందగత్తె, కానీ ఆ అందంలో నవ్వు లేదు.

"ఇతను ఇవాళ నేరం ఒప్పుకుంటున్నాడు," అంది. "మీకిక్కడ పని లేదు."

"ఎందుకు ఒప్పుకోవాలి?"

"ఇరవై పొట్లాలు, ఇరవై కిలోల సరుకు. ఒక పొట్లంలోంచి తీసి పరీక్షిస్తే మత్తుమందని తేలింది. చట్టంలో దాన్ని కమర్షియల్ క్వాంటిటీ అంటారు. పోరాడి ఓడితే ఇరవై ఏళ్ళు. ఒప్పుకుంటే పదితో సరిపెడతారు."

"నాకు తెలీదు సార్," అన్నాడు మెకానిక్. "రిపేరుకని మిషన్ పెట్టె ఇచ్చారు. సరిహద్దు ఇటు చేరిస్తే చాలన్నారు. అడుగున ఇంకో అరుందని నాకేం తెలుసు?"

"తెలీదని నిరూపించుకోవాల్సింది నువ్వే. చట్టం అలాగే ఉంది," అంది లాయరమ్మ.

మెకానిక్ నేల చూపులు చూశాడు. "పదేళ్ళు కూర్చుంటాను సార్. నా కూతురు చల్లగా ఉంటే చాలు."

ఆ మాట అనేముందు అతను లాయరమ్మ వైపు బెదురుగా చూశాడు. పిల్లికి అర్థమైంది. పిల్ల వాళ్ళ దగ్గరుంది.

మెట్లెక్కుతుంటే కోటు బరువుగా అనిపించింది. అన్నతో చివరిసారి భోజనం దగ్గర పోట్లాడాడు. "మేం ప్రాణాలకి తెగించి పట్టుకొస్తాం, నువ్వు ఏదో ఒక లొసుగు పట్టుకుని వదిలిపెట్టిస్తావు," అన్నాడు. అన్న రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటారు కదరా చిన్నోడా. ఇరవై కుండలుంటేనో?" అన్నాడు. వెటకారమనుకుని పిల్లి చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. తర్వాత ఇక మాట్లాడుకోలేదు.

వరండాలో నకళ్ళు రాసే ముసలాయన కొంచెం అనుమానంగా కనిపించాడు. "మీ వాచీ ఆగినట్టుంది," అన్నాడు పిల్లి. ఆయన వాచీ విప్పి చెవి దగ్గర పెట్టుకుని, "లేదే నాయనా, నీ చెవే చూపించుకో," అన్నాడు.

కోర్టు హాల్లోకి వెళ్ళగానే బంట్రోతు కోటు చూసి అలవాటుగా లేవబోయి, మొహం చూసి కూర్చున్నాడు. పిల్లికి దగ్గొచ్చింది. ప్రాసిక్యూటర్ దగ్గరి గుమాస్తా నవ్వుతూ దగ్గరికొచ్చాడు. గుండ్రటి రేకు డబ్బా తెరిచాడు.

"బిళ్ళ చప్పరించండి. మీ సీనియరు గారికీ నేనే ఇచ్చేవాణ్ణి పాపం."

అన్న నోట్లో సగమే కరిగిన బిళ్ళ గుర్తొచ్చింది. పిల్లి బిళ్ళ తీసుకున్నాడు, నోటిదాకా తెచ్చాడు, వేళ్ళ సందున దాచేశాడు. "థాంక్సండీ," అన్నాడు.

గుమాస్తా చేతిలో ఒక ఆర్డరు టైపై సిద్ధంగా ఉంది. "కేసు తేలగానే సరుకు తగలబెట్టేయడమే. వ్యాను కిందే ఉంది."

"ఎక్కడ తగలబెడతారు?"

"అదిగో."

కిటికీలోంచి ఊరి నడిబొడ్డున పెద్దాసుపత్రి కనపడింది. దాని వెనక, చెత్త కాల్చే కొలిమి. దాని పొగగొట్టం ఊళ్ళోని ఇళ్ళన్నిటికంటే ఎత్తు.

అన్న అడిగిన ఇరవై కుండల ప్రశ్న పిల్లికి అప్పుడర్థమైంది. పరీక్షించిన ఒక్క పొట్లంలోనే మత్తుమందు. మిగతా వాటిలో ఉన్నది కాలితే ఊరిని చంపేది. పోలీసు కాపలాలో, జడ్జి సంతకంతో, సర్కారు కొలిమిలోనే అది కాలాలి. మన వేలితో మన కన్నే పొడిపించడమంటే ఇదే. అన్నకి ఈ కుట్ర సంగతి తెలియనే తెలియదు. ముద్దాయి కోసం ప్రతి పొట్లమూ పరీక్షించమని అడగబోయాడు. అడగకుండానే చంపేశారు.

పిల్లి గుండీ దగ్గర నోరు పెట్టి, "పొయ్యి దొరికింది," అని సంగతి చెప్పాడు.

చెవిలో బాస్ గొంతు. "అది కోర్టు స్వాధీనంలో ఉన్న సరుకు. జడ్జి ఆర్డరు లేకుండా ముట్టుకోలేను. ఇప్పుడు నేనక్కడ అడుగుపెడితే పిల్ల బతకదు. నువ్వే ఆపు."

కేసు పిలిచారు. మెకానిక్ బోనెక్కాడు.

"ముద్దాయి తరఫున ఎవరు?" అన్నాడు జడ్జి.

"నేనే యువర్ ఆనర్," అంది లాయరమ్మ. ఆమె చూపు మాత్రం కిటికీ మీదే ఉంది. పొగ కోసం చూస్తోందని పిల్లికి ఒళ్ళు మండింది. బాస్ చెప్పిన మనిషి ఆమె కాకపోతే ఇక ఎవరూ లేరన్న సంగతి ఆ కోపంలో తట్టలేదు.

"నేరం ఒప్పుకుంటున్నావా?"

మెకానిక్ పెదాలు కదిలాయి. జడ్జి కలం మూత తీశాడు. గుమాస్తా ఆర్డరు ముందుకు జరిపాడు. సరిగ్గా అప్పుడు పిల్లి చెవి వెనక ఎవరో పొడిగా దగ్గారు.

"మేడమ్," అన్నాడు పిల్లి, వేరే దారి లేక. "మీ వాచీ ఆగినట్టుంది."

ఆమె కిటికీ వైపు చూస్తూనే ఉంది. కింద గేటు దగ్గర ఎవరో పసుపు గొడుగు తెరిచారు. గొడుగు కింద రెండు జడల పిల్ల.

"ఇప్పుడే కీ ఇచ్చాను," అంది. తర్వాత బోను వైపు తిరిగి, "గాలాడట్లేదేమో, కాస్త కిటికీలోకి చూడు," అంది.

మెకానిక్ చూశాడు. రెండు చేతులతో బోను కడ్డీ పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఒప్పుకోను," అన్నాడు. "నేను ఏ తప్పూ చేయలేదు."

"నా జూనియర్ వాదిస్తారు యువర్ ఆనర్," అని లాయరమ్మ కూర్చుంది.

పిల్లి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తను సవరించుకున్నట్టు లేదు. టైపిస్టు చేతులు వాటంతట అవే మిషన్ మీదికి వెళ్ళాయి.

"యువర్ ఆనర్, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటారు. ఒక కుండ అయితే నిజమే. ఇక్కడ ఇరవై పొట్లాలున్నాయి. పరీక్షకి పంపింది ఒక్క పొట్లంలోదే. మిగతా పంతొమ్మిదిలో సుద్ద ఉందో ఉప్పుందో ఎవరూ చూడలేదు. చూడని పొట్లాలకి ఒక మనిషి బతుకులో ఇరవై ఏళ్ళు ఎలా తీసుకుంటారు? ప్రతి పొట్లమూ విడిగా పరీక్షించాలి. అప్పటిదాకా ఏదీ కాల్చకూడదు."

జడ్జి అతని మొహం కాదు, కోటు చూస్తున్నాడు.

"ఈ మాట మీ సీనియరు చెప్పాల్సింది," అన్నాడు నెమ్మదిగా.

"చెప్పింది ఆయనే యువర్ ఆనర్."

జడ్జి ఆ టైపు కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడు. "ప్రతి పొట్లం నుంచీ శాంపిల్ తీయండి. వ్యానుని వెనక్కి పంపండి."

గుమాస్తా గుమ్మం దాకా జారుకున్నాడు. పిల్లి అప్పటికే అక్కడున్నాడు. అరచెయ్యి చాపాడు, మధ్యలో బిళ్ళ.

"గొంతు ఎండిపోయినట్టుంది, చప్పరించండి."

గుమాస్తా ఆ బిళ్ళని చూసి గోడకి ఆనుకుని జారిపోయాడు. బంట్రోతు వెళ్ళి పోలీసుల్ని పిలిచాడు.

పంతొమ్మిది పొట్లాల్లో ఉన్నది బూడిదరంగు పొడి. వేడి తగిలితే విషవాయువు. పెట్టెకి దొంగ అర ఎవరు చేశారో గుమాస్తా కక్కేశాడు. తెలియక మోసినవాడి మీద, తెలిసి మోశాడని పెట్టిన కేసు కొట్టేశారు. మెకానిక్ బయటికొచ్చిన రోజు కూతురి చెయ్యి వదలకుండానే పిల్లి కోటు కఫ్ దగ్గర ఊడిన కుట్టు చూశాడు. ఇటివ్వండి, వేసిస్తానన్నాడు. పిల్లి ఇవ్వలేదు.

లాయరమ్మ గేటు దగ్గర ఆగింది. "పిల్ల జాడ కనుక్కోవడంలో పడి, బిళ్ళ సంగతి పసిగట్టలేకపోయాను. మీ అన్నయ్యగారిని కాపాడలేకపోయాను. క్షమించండి." పిల్లికి ఆమె మీద కోపం రాలేదు. తను సగంలో లేచిపోయిన ఆ భోజనం గుర్తొచ్చి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

వారం తర్వాత బాస్ పిలిచాడు.

"బార్ కౌన్సిల్ వాళ్ళు నీ మీద కేసు పెట్టారు. నకిలీ కార్డుతో కోర్టులో వాదించావట. మూడేళ్ళు పడొచ్చు. మన శాఖ ఉన్నట్టే ఎవరికీ తెలీదు కాబట్టి నేను సాక్ష్యం చెప్పలేను. మంచి డిఫెన్స్ లాయర్ని చూసుకో."

అన్న కోటు కుర్చీ వీపుకి తగిలించి ఉంది. అటువైపు నుంచి ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

బాస్ ఉలిక్కిపడి తలెత్తాడు. "ఎవరది?"

"మా లాయరు సార్," అన్నాడు పిల్లి.