అగ్గిపెట్టెలో రెక్కల పురుగు

"ఆ చిట్టడవిని తగలబెట్టమంది మీరేనా?"

సామ్రాజ్యం నన్ను అడిగిన మొదటి మాట అది. అరవై రెండులో అద్దంకి దగ్గర పల్లెకి కొత్తగా వచ్చిన వ్యవసాయ ఫీల్డుమ్యాన్‌ని నేను. పత్తికాయలు తొలిచే పురుగు చేను పక్కనున్న ఆ చిట్టడవిలోంచే వస్తోందని ఆమె తండ్రి గురవయ్యగారికి గట్టిగా చెప్పింది నేనే.

"బూడిదరంగు రెక్కల పురుగులు అక్కడ బోలెడున్నాయండీ," అన్నాను.

"అవి అంకుడు చెట్టు వదిలి రావు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. మీరు పుస్తకంలో చూశారు. చెట్టు మీద చూశారా?"

చూడలేదు. ఆ పెద్ద కళ్ళ ముందు ఒప్పుకోవడానికి నామోషీ వేసింది.

"నిప్పు పెట్టేది సాయంత్రం కదా. ఇప్పుడే చూసొస్తా," అని చిట్టడవిలోకి నడిచాను.

ఆమె చెప్పింది నిజమే. బొటనవేలి గోరంత పురుగులు అంకుడు బెరడుకు అతుక్కుని ఉన్నాయి. కదిపితే లోపలి రెక్కలు పసుపుపచ్చగా కనిపించాయి. పత్తి పురుగుకు ఆ పసుపు ఉండదు. ఎగిరినవి మళ్ళీ ఆ చెట్టు మీదే వాలాయి. సాక్ష్యానికి ఒకదాన్ని ఖాళీ అగ్గిపెట్టెలో వేసుకున్నాను.

అప్పుడే పొగ వాసన వచ్చింది.

గాలి తగ్గిందని గురవయ్యగారు మధ్యాహ్నమే మూడు వైపులా అంటించేశారు. నేను లోపలున్నట్టు ఆయనకు తెలియదు. నాలుగో వైపు ఎటో నాకు తెలియదు. కేకేద్దామంటే పొగకు దగ్గొచ్చింది. ఎండు కంపలు చిటపటమంటూ దగ్గరికొస్తున్నాయి. అమ్మ గుర్తొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను.

"ఫీల్డుమ్యాన్ గారూ! ఎక్కడున్నారు? పలకండి!"

దగ్గుతూ చెట్టును దబదబా బాదాను. తడిపిన పైట ముక్కుకు కప్పుకుని పొగలోంచి సామ్రాజ్యం వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వంగి నడవండి. గొర్రెల బాట ఇటుంది."

ముళ్ళు గీసుకున్నా ఆమె నా చెయ్యి వదల్లేదు.

మమ్మల్ని చూసి గురవయ్యగారు కూలబడిపోయారు. కూలీలు వేపమండలతో బాది మంట ఆర్పారు. అంకుడు చెట్టున్న సగం మిగిలింది.

"మరి ఆ పురుగు సంగతేంటండీ?" అన్నారాయన లేస్తూ.

ఒంటిచేత్తోనే అగ్గిపెట్టె తెరిచాను. పక్కనున్న పత్తిచేను వైపు పురుగు పోనేలేదు. తిన్నగా అంకుడు చెట్టుకే ఎగిరిపోయింది.

"కాల్చొద్దండీ. తప్పు నాది."

ఆయన చూపు మా చేతుల మీదికి దిగింది. అప్పుడు నాకు మంటల్లో వేసినదానికంటే ఎక్కువ భయం వేసింది.

"బయటికొచ్చాడుగా. చెయ్యి వదలమ్మా."

"వదలను నాన్నా."

గురవయ్యగారు కూతుర్ని చూశారు, మసిబారిన నా మొహాన్ని చూశారు.

"ఇద్దరూ మొహాలు కడుక్కుని రండి," అన్నారు. "అన్నం చల్లారిపోతోంది."